మంట కన్నా ముందు మాట చేరాలి

(సంఘం మండల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మద్దతు ధర గురించి, కౌలు రైతుల కార్డుల గురించి మాట్లాడుకున్నాం. భోజనాల తర్వాత నాకిచ్చిన అంశం చూసి కొందరు నవ్వారు. "ఫైరింజన్ వాళ్ల వైర్‌లెస్ సెట్టుతో రైతు సంఘానికి ఏం పని?" అని ఒకాయన మొహం మీదే అడిగాడు. ఆయన అడగడంలో తప్పు లేదు. పదకొండేళ్ల కిందట నన్నడిగినా నేనూ అదే అనేవాణ్ణి.

ఆ ఏడు దాళ్వా కోతలు అయిపోయి గడ్డి వాములు వేసుకున్నాం. మిట్టమధ్యాహ్నం, పడమటి గాలి. వేలాడుతున్న కరెంటు తీగలు రెండూ రాసుకుని నిప్పురవ్వలు రాలాయి. వాము అంటుకుంది. ఊళ్లో నంబరు తెలిసిన వాడిని నేనే కాబట్టి 101కి ఫోన్ చేశాను. నేనన్న మాటలు ఇప్పటికీ గుర్తే. "సార్, కొత్తపాలెంలో వాములు తగలబడిపోతున్నాయి, తొందరగా రండి సార్, తొందరగా రండి." అంతే. ఫోన్ పెట్టేసి, జేబులో వేసుకుని, బిందె పట్టుకుని పరుగెత్తాను.

మా జిల్లాలో కొత్తపాలేలు మూడున్నాయి. బండి ఇంకో కొత్తపాలెం పోయింది. అక్కడ పొగా లేదు, నిప్పూ లేదు. తిరిగి మా ఊరు చేరేసరికి అయిదు వాములూ బూడిదయ్యాయి. మాకు వరసకు పిన్ని అయ్యే ఒకావిడ పశువుల పాక కూలిపోయింది. పాకలో రెండు పాడి గేదెలు. పలుపు విప్పడానికి ఎవరికీ దగ్గరికి పోవడానికి వీల్లేకపోయింది. ఆ అరుపులు విన్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు.

మర్నాడు అరవై మందిమి జెండాలు పట్టుకుని ఫైర్ స్టేషన్ ముందు కూర్చున్నాం. నినాదాలు నేనే ఇస్తున్నాను. అక్కడ పనిచేసే పెద్దాయన ఒకాయన రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టాడు. ఫోన్ వచ్చిన టైం, బండి బయల్దేరిన టైం రాసి ఉన్నాయి. వాటి కింద ఇంకో వరస: "చిరునామా కోసం తిరిగి రెండుసార్లు ఫోన్ చేశాం, ఎత్తలేదు." ఆ నంబరు నాదే. ఆ తర్వాత నినాదం ఇవ్వడానికి నాకు గొంతు రాలేదు.

తప్పంతా నాదే అని చెప్పడం లేదు. ఫోన్ తీసినవాడు "ఏ మండలం?" అని ఒక్క మాట ముందే అడగాల్సింది. మొదలు ఆ తీగలు బిగించమని మేం ఎన్నిసార్లు అర్జీలు పెట్టుకున్నామో దేవుడికెరుక. కానీ మన చేతిలో ఉన్న పని మనం సరిగా చేస్తేనే ఎదుటివాణ్ణి నిలదీసే హక్కు మనకుంటుంది. అందుకే ఆ పెద్దాయన దగ్గరికి మళ్లీ పోయాను, ఒక్కణ్ణే. ఆయన తన సెట్టు నా చేతిలో పెట్టి చెప్పిన సంగతులే ఇవాళ మీకు చెప్తాను.

సెల్‌ఫోన్లో ఇద్దరం ఒకేసారి మాట్లాడుకోవచ్చు. సెట్టులో కుదరదు. మీట నొక్కి ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లందరూ వినాల్సిందే. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఇద్దరి మాటా పోయి గరగరమంటుంది. కాబట్టి వాళ్ల మొదటి సూత్రం: ముందు విను, ఛానల్ ఖాళీగా ఉంటేనే నొక్కు. రెండోది: నొక్కగానే మాట్లాడకు, ఒక క్షణం ఆగు. లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. "వెళ్లకండి" అన్నది అవతల "కండి" అని వినబడితే ఏమవుతుందో ఆలోచించండి. మూడోది: ముందు ఎవరిని పిలుస్తున్నావో వాళ్ల పేరు, తర్వాత నీ పేరు. పేరు వినగానే అవతలివాడు చెవి పెడతాడు. నాలుగోది: ఏం చెప్పాలో మనసులో అనుకున్నాకే మీట నొక్కు. చెప్పడం అయ్యాక "ఓవర్" అను, అంటే ఇక నీ వంతు అని. అయిదోది అన్నిటికన్నా ముఖ్యం: విన్నవాడు విన్నదాన్ని తిరిగి చెప్పాలి. "సరే సార్" అంటే చాలదు. "వడ్ల మిల్లు వెనక నుంచి రెండో గొట్టం వేస్తున్నాం" అని తిరిగి చెప్పాలి. అప్పుడే చెప్పినవాడికి తన మాట చేరిందని తెలుస్తుంది.

ఈ అయిదోది మనకు కొత్త కాదు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకుంటాడు. ఏ ఫీడరో తను చెప్తాడు, ఆపరేటరు అదే పేరు తిరిగి చెప్పి, లైను ఆపి, టైం రాసుకుంటాడు. ఎవరు తీసుకున్నారో వాళ్లే తిరిగి ఇవ్వాలి. ఒక ఫీడరు అనుకుని ఇంకో ఫీడరు ఆపితే పైనున్న మనిషి ప్రాణం పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రైతులు ప్రతి మండలంలో ఉన్నారు. "ఆపేశారట" అని మూడో మనిషి చెప్పిన మాట నమ్మి చెయ్యి పెట్టినవాళ్లు వాళ్లలో ఎంతమందో. తిరిగి చెప్పించుకోవడం చాదస్తం కాదు, ప్రాణరక్షణ.

ఇంకో సంగతి. మేడే అంటే మనకు మే ఒకటి, ఎర్రజెండా. సెట్టులో మేడే అంటే వేరు. అది 1920లలో లండన్ దగ్గర క్రోయ్‌డన్ విమానాశ్రయంలో పుట్టిన మాట. ఫ్రెంచి భాషలో "నాకు సాయం చెయ్యండి" అనే మాట అలా వినబడుతుంది. ప్రాణాపాయంలో ఉన్నవాడు దాన్ని మూడుసార్లు అంటాడు. ఆ మాట వినబడితే మిగతా సెట్లన్నీ నోరు మూసుకోవాలి. మంటల్లో చిక్కుకున్నవాడు అప్పుడు నేనెవరు, ఎక్కడున్నాను, ఏమైంది, ఏం కావాలి, ఇవే చెప్తాడు. ఏడవడు, తిట్టడు, కథ చెప్పడు. పొగలో గాలి అయిపోతున్న మనిషి అంత క్రమంగా మాట్లాడగలిగాడంటే అది ధైర్యం ఒక్కటే కాదు, సాధన.

ఈ పద్ధతులు ఎవరో గదిలో కూర్చుని రాసినవి కావు, చావుల్లోంచి నేర్చుకున్నవి. 1970లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కార్చిచ్చు 13 రోజులు కాల్చింది. 16 మంది చనిపోయారు, అయిదు లక్షల ఎకరాలకు పైగా బూడిదైంది. మంట ఆర్పడానికి ఎన్నో శాఖలొచ్చాయి. ఒకరి సెట్టు ఇంకొకరికి పలకదు, ఒకరి మాట ఇంకొకరికి అర్థం కాదు. ఆ దెబ్బతో అన్ని శాఖలకూ ఒకే ఆజ్ఞా పద్ధతి, అందరికీ అర్థమయ్యే మామూలు మాటలు అని నిర్ణయించుకున్నారు. అంతకు ముందు అంకెల కోడ్లు వాడేవారు. ఒక ఊళ్లో ఒక అంకెకు ఒక అర్థం, పక్క ఊళ్లో ఇంకో అర్థం.

2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో మొదటి టవర్ ఉదయం 9 గంటల 59 నిమిషాలకు కూలింది. రెండోది 10 గంటల 28 నిమిషాలకు. మధ్యలో 29 నిమిషాలు. బయటికి వచ్చేయమని సెట్టులో చెప్పిన మాట లోపలున్న అందరికీ చేరలేదు. పైన హెలికాప్టర్లో ఉన్న పోలీసులకు కనబడినది కింద ఉన్న ఫైర్ అధికారులకు వినబడలేదు. రెండు శాఖల సెట్లు వేరు. విన్నా కూడా సాటివాళ్లను వదల్లేక ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. ఆ రోజు 343 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. అంత డబ్బున్న దేశంలో అన్నీ ఉన్నాయి, మాటే చేరలేదు.

మన దగ్గరికి వద్దాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. ఆ రోజు చేతిలో ఫోన్ ఉన్నా లేనట్టే. పోలీసు స్టేషన్‌లో, ఫైర్ స్టేషన్‌లో సెట్లు పనిచేయాలని రైతులు అడగడానికి కారణం అదే. అవి వాళ్ల అలంకారం కాదు, మన ప్రాణం.

మన చేతిలో సెట్టు లేదు. కానీ ఆ గొలుసులో మొదటి కొక్కెం మనమే. మనం తప్పు చెప్తే ఆ తప్పే సెట్టులో తిరుగుతుంది. కాబట్టి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసినప్పుడు ఈ వరసలో చెప్పండి.

ఒకటి, చోటు. జిల్లా, మండలం, ఊరు, ఆవాసం, గుర్తు. జిల్లాతోనే మొదలుపెట్టండి. పొలిమేరల్లో మన ఫోన్ పక్క జిల్లా టవర్ పట్టుకుని కాల్ అటు పోవచ్చు. "మా ఊరు", "అక్కడే", "అందరికీ తెలిసిందే" అనే మాటలు వద్దు. ముందు చోటు ఎందుకంటే, మధ్యలో లైను తెగినా బండి బయల్దేరుతుంది.

రెండు, ఏం కాలుతోంది. గడ్డివామా, పత్తి నిల్వా, ఇల్లా, గ్యాస్ బండా. పురుగుమందులున్న గది అయితే తప్పకుండా చెప్పండి, ఆ పొగ పీల్చడమే ప్రమాదం. మూడు, లోపల మనుషులు, పశువులు ఉన్నారా. నాలుగు, కరెంటు ఆపించారా లేదా. తీగల్లో కరెంటు ఉండగా నీళ్లు కొట్టకూడదు, మీరూ బిందెలతో పోయకూడదు. అయిదు, దారి, నీళ్లు. పెద్ద బండి ఏ దారిన వస్తుంది, తీగలు కిందికి వేలాడుతున్నాయా, కల్వర్టు మోస్తుందా. మామూలు ఫైరింజన్లో సుమారు 4,500 లీటర్లు పడతాయి. గట్టిగా కొడితే నిమిషాల్లో అయిపోతాయి. తిరిగి నింపుకోడానికి చెరువు ఎక్కడ, నడిచే బోరు ఎక్కడ అన్నది ముందే తెలిస్తే సగం పని అయినట్టే. ఆరు, మీ పేరు, నంబరు.

అంకెలు చెప్పేటప్పుడు జాగ్రత్త. ఫోన్లో ఇరవైకీ అరవైకీ, యాభైకీ ఎనభైకీ తేడా తెలియదు. "అరవై, ఆరు సున్నా" అని విడదీసి చెప్పండి. విమానాల వాళ్లు కూడా ఇంగ్లీషు ఫైవ్, నైన్ కలిసిపోతాయని తొమ్మిదిని "నైనర్" అంటారు. అంత చదువుకున్నవాళ్లకే ఆ జాగ్రత్త ఉంటే మనకెందుకుండకూడదు?

అంతా చెప్పాక, "ఏం రాసుకున్నారో ఒకసారి చదవండి సార్" అనండి. మొహమాటపడొద్దు. వాళ్లు పెట్టేయమనేదాకా ఫోన్ పెట్టొద్దు. ఫోన్ చేసినవాడు బిందె పట్టుకోకూడదు. ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడాలి, అదే అతని పని. బండిని దారి చూపించి తీసుకురావడానికి ఇంకొకరు రోడ్డు మీదికి పోవాలి. లైన్‌మన్‌కు ఫోన్ చేసేది మూడో మనిషి. పశువుల పలుపులు విప్పేది నాలుగో మనిషి. ఈ నలుగురూ ఎవరన్నది ఇవాళే అనుకోవాలి, మంట వచ్చాక కాదు.

ఇంకో లాభం ఉంది. మీ కాల్ టైం అక్కడ రికార్డవుతుంది. అగ్ని ప్రమాదం ప్రభుత్వ విపత్తు సాయం నిబంధనల జాబితాలో ఉన్నదే. రేపు నష్టపరిహారం అడిగేటప్పుడు ఆ టైం, స్టేషన్ ఇచ్చే రిపోర్టు, రెవెన్యూ పంచనామా మూడూ కలిస్తేనే మన మాట నిలబడుతుంది.

మన బాధ్యత చెప్పాను, ఇక ప్రభుత్వ బాధ్యత. ప్రతి మండలానికీ అందుబాటులో ఫైర్ స్టేషన్ ఉండాలి. ఖాళీలు నింపాలి. సెట్లు, బ్యాటరీలు పనిచేసే స్థితిలో ఉండాలి. ఫైర్, పోలీసు, కరెంటు, రెవెన్యూ శాఖలు ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఏర్పాటు ఉండాలి. ఒకే పేరున్న ఊళ్ల జాబితా కాల్ తీసుకునేవాళ్ల ముందు ఉండాలి. వేలాడే తీగలు వేసవికి ముందే బిగించాలి. ఈ డిమాండ్లతో తహసీల్దారుకు వినతిపత్రం ఇస్తున్నాం, సంతకాలు పెట్టి వెళ్లండి.

చివరిగా, టీ ఇచ్చే ముందు ఒక పని చేద్దాం. ప్రతి ఊరి నుంచి ఒకరు ఇక్కడికొచ్చి, తమ ఊళ్లో మంట లేచిందనుకుని నాకు ఫోన్ చేసినట్టు చెప్పాలి. నేను రాసుకుని తిరిగి చదువుతాను. తప్పు పోతే నవ్వుకుందాం. ఇక్కడ తప్పితే పోయేది ఏమీ లేదు.

మా పిన్ని మళ్లీ గేదెను కొనలేదు. ఆ పాక చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఆ దారిన పోయినప్పుడల్లా నాకు నేను ఆ ఫోన్ మళ్లీ చేసుకుంటాను: జిల్లా, మండలం, కొత్తపాలెం, పడమటి వీధి, రామాలయం వెనక, పాకలో రెండు గేదెలున్నాయి. చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు.

ముందు ఏ ఊరు వస్తారు?