కొన్న ఆట ఎవరిది?

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిందంతా ఇక్కడ రాసి పెడుతున్నా. డ్యూటీలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోనివ్వరు, చదువుకుంటాం అని చాలామంది అడిగారు కాబట్టి.)

ఈ వారం వీసాలు, గ్రాట్యుటీ లెక్కలు ఏమీ లేవు. వీడియో గేమ్‌ల గురించి మాట్లాడుకుందాం. "పిల్లల సంగతి మనకెందుకన్నా" అని ఫోన్ పక్కన పెట్టకండి. నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. పొద్దున ఐదున్నరకు కంపెనీ బస్సు ఎక్కితే రాత్రి ఏడున్నరకు రూమ్‌కి వస్తా. ఆ తర్వాత ఒక గంట కంట్రోలర్ పట్టుకుంటే తప్ప ఆ రోజు నాది అనిపించదు. కొందరికి తాగుడు, కొందరికి రీల్స్, నాకు ఇది. తాగుడు కంటే నయమని మా ఆవిడ కూడా ఒప్పుకుంది.

ఈ ఎపిసోడ్ చేయాలని ఎందుకు అనిపించిందో ముందు చెప్తా.

2019లో దుబాయ్‌లో ఒక సెకండ్ హ్యాండ్ ప్లేస్టేషన్ 4 కొన్నా, 600 దిర్హమ్‌లకు. రూమ్‌లో ఆరుగురం. నాతో కలిపి జగిత్యాల వాళ్ళం ముగ్గురం, రాజమండ్రి తమ్ముడొకడు, ఇద్దరు కేరళ వాళ్ళు. మొదట్లో అన్నీ డిస్కులే. పాత ఆటలు అమ్మే షాపులో కొనడం, ఆడడం, మళ్ళీ అదే షాపులో ఇచ్చేసి కొంచెం పైసలు కలిపి ఇంకోటి తెచ్చుకోవడం. టెకెన్ 7, క్రికెట్ 19, ఫిఫా ఒకటి, అన్‌చార్టెడ్ 4 ఒకటి. ఈ నాలుగు మాత్రం అమ్మబుద్ధి కాలేదు, ఉంచుకున్నా. ఇంతలో 2020 లాక్‌డౌన్ వచ్చింది. షాపులు మూసేశారు, ఆన్‌లైన్ స్టోర్‌లో సేల్ పెట్టారు. బటన్ నొక్కి కొనడం అప్పుడు అలవాటైంది. రెండేళ్ళలో పదకొండు ఆటలు. అంతా కలిపితే 900 దిర్హమ్‌ల పైమాటే.

2022 చివర్లో ప్రాజెక్ట్ అయిపోయింది, వీసా క్యాన్సిల్ చేశారు. బ్యాంక్ అకౌంట్ క్లోజ్ చేశా, సిమ్ పక్కన పడేశా, ప్లేస్టేషనూ నాలుగు డిస్కులూ రాజమండ్రి తమ్ముడికి ఇచ్చేసి ఇంటికి పోయా. ఎనిమిది నెలల తర్వాత వేరే కంపెనీలో షార్జా వచ్చా. ఇంకో పాత మెషీన్ కొన్నా. "పదకొండు ఆటలూ నా అకౌంట్‌లోనే ఉన్నాయి కదా" అని ధీమా. మెయిల్ కొట్టా, పాస్‌వర్డ్ కొట్టా, రెండూ కరెక్టే. అప్పుడు స్క్రీన్ మీద వచ్చింది: మీ ఫోన్‌కి కోడ్ పంపాం అని. ఏ ఫోన్‌కి? పాత నంబర్‌కి. అది పోయి చాలా రోజులైంది.

ఏం చేయాలో తోచక నా పాత నంబర్‌కి నేనే ఫోన్ చేశా. ఎవరో ఎత్తారు. పెషావర్ వైపు ఆయన, లారీ నడుపుతాడట. వచ్చీరాని హిందీలో సంగతంతా చెప్పా. ఇప్పుడొక కోడ్ వస్తుంది భాయ్, ఆ ఆరు అంకెలు చదివితే చాలు అన్నా. ఆయన అంతా ఓపికగా విని, "ఓటీపీ కిసీకో నహీ దేనా, భాయ్" అని ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే బ్లాక్. నాకు కోపం రాలేదు. ఓటీపీ ఎవ్వరికీ చెప్పొద్దని ఇదే పాడ్‌కాస్ట్‌లో నేను ఎన్నిసార్లు మొత్తుకున్నా! ఆయన చేసింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్.

స్టోర్ వాళ్ళకు రాశా. పేరు ఎందుకులెండి. మొదటిసారి వాడిన కార్డు వివరాలు ఇవ్వమన్నారు. ఆ కార్డు ఏ అకౌంట్‌దో ఆ అకౌంటే లేదు. మూడు వారాలు చాటింగ్ చేసి చేసి, చివరికి చాలా మర్యాదగా ఒక మెయిల్ పంపారు, మీరు మీరేనని మేం నిర్ధారించుకోలేకపోతున్నాం అని. పదకొండు ఆటలు పోయినట్టే.

ఆ తర్వాత ఒక ఆదివారం దుబాయ్‌లో పాత రూమ్‌కి పోయా. తమ్ముడు లేడు, ఖతార్ వెళ్ళిపోయాడు. నాకు తెలిసినవాళ్ళు ఒక్కరే మిగిలారు. కానీ టీవీ ముందు ఇద్దరు కుర్రాళ్ళు కూర్చుని టెకెన్ ఆడుతున్నారు. నా డిస్కే. కవర్ లేదు, గీతలు పడ్డాయి, పైన నేను మార్కర్‌తో రాసిన నా పేరు సగం చెరిగిపోయింది. "ఎవరిదిరా ఇది?" అంటే, "తెలియదన్నా, రూమ్‌ది" అన్నాడు ఒకడు. నాకెంత సంతోషమైందో చెప్పలేను. ఆ రోజు నన్ను చిత్తుగా ఓడించారు, అది వేరే సంగతి.

సరే, నా తప్పు కూడా ఉంది, సిమ్ వదిలేశా. మరి సిమ్, మెయిల్, కార్డు అన్నీ సరిగ్గా ఉన్నవాళ్ళ దగ్గర్నుంచి కూడా పోయిన ఆట ఒకటుంది. పేరు ద క్రూ. ఉబీసాఫ్ట్ వాళ్ళది, 2014 డిసెంబర్‌లో వచ్చింది. కారు వేసుకుని అమెరికా ఈ చివర నుంచి ఆ చివరికి తిరగొచ్చు. ఒక్కడివే ఆడుకున్నా సరే, సర్వర్‌కి కనెక్ట్ అవ్వాల్సిందే. 2023 డిసెంబర్‌లో అమ్మడం ఆపేశారు, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. అంతే. డిస్కు కొన్నవాళ్ళకు కూడా అంతే. ఆ డిస్కు ఇప్పుడు టీ గ్లాసు కింద పెట్టుకోవడానికి పనికొస్తుంది. అందుకే, డిస్కు ఉంటే అన్నీ ఉన్నట్టే అని నేను అనను. ఆ ఆట నడవడానికి ఇంకొకరి దయ కావాలా వద్దా, అసలు చూడాల్సింది అది.

దీని మీదే రాస్ స్కాట్ అని, పోలండ్‌లో ఉండే ఒక అమెరికన్ యూట్యూబర్, 2024లో స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అని లొల్లి మొదలుపెట్టాడు. సర్వర్లు జీవితాంతం నడపమని కాదు ఆయన అడిగేది. మూసేటప్పుడు, కొన్నవాళ్ళు ఏదో రకంగా ఆడుకునేట్టు వదిలి వెళ్ళండి అంటాడు. యూరప్‌లో దీనికి సంతకాలు సేకరిస్తే 2025 జులైలో 10 లక్షలు దాటాయి. ఈ గొడవ నడుస్తుండగానే ఉబీసాఫ్ట్ వాళ్ళు ద క్రూ 2కి ఆఫ్‌లైన్ మోడ్ ఇస్తామని 2024 సెప్టెంబర్‌లో ప్రకటించారు. అంటే చేయడం కుదరని పనేమీ కాదన్నమాట.

అదే కంపెనీలో సబ్‌స్క్రిప్షన్ల సంగతి చూసే ఒక పెద్దాయన 2024 జనవరిలో ఒక ఇంటర్వ్యూలో మాట్లాడాడు. సినిమాలు, పాటల విషయంలో "నా సొంతం" అనుకోకపోవడం జనానికి అలవాటైంది, ఆటల విషయంలో కూడా ఆ అలవాటు రావాలి అని ఆయన మాటల సారాంశం. చదివి నవ్వొచ్చింది. మంచం కంపెనీది, రూమ్ కంపెనీది, వీసా కంపెనీది. మాకు కొత్తగా అలవాటు చేయాల్సింది ఏముంది సారూ?

వాళ్ళ వైపు కూడా ఆలోచించాలి, కాదనను. సర్వర్లకు ఖర్చవుతుంది. పాత డిస్కు ఒకరి నుంచి ఒకరికి పోతే తయారుచేసినవాళ్ళకు ఒక్క పైసా రాదు. నెల అద్దె అని చెప్పి అద్దె తీసుకుంటే నాకే పేచీ లేదు. రెండు నెలల సెలవు దొరికితే నేనూ సబ్‌స్క్రిప్షన్ తీసుకుంటా. సోనీ వాళ్ళు కాంకర్డ్ అనే ఆట 2024 ఆగస్ట్ 23న విడుదల చేసి, ఎవరూ ఆడకపోతే సెప్టెంబర్ 6న మూసేసి, కొన్నవాళ్ళ పైసలు వాపస్ ఇచ్చారు. గూగుల్ స్టేడియా మూతపడినప్పుడు కూడా అలాగే ఆటల పైసలు వాపస్ ఇచ్చారు. అలా చేస్తే ఎవరు లొల్లి పెడతారు? అద్దెకిచ్చి "కొనండి" అని బోర్డు పెట్టడం దగ్గరే నాకు మండుతుంది. కాలిఫోర్నియాలో దీనికి చట్టమే తెచ్చారు. 2025 జనవరి 1 నుంచి, మీరు కొంటున్నది లైసెన్స్ మాత్రమే అని డిజిటల్ స్టోర్లు స్పష్టంగా చెప్పాలి. స్టీమ్‌లో అంతకుముందే, 2024 అక్టోబర్‌లో, పైసలు కట్టే పేజీలో ఆ ముక్క పెట్టారు. చదివారా ఎవరైనా? నేనైతే మొదట్లో చదవలేదు.

ఇక ధర. పెద్ద ఆట ఇప్పుడు 70 డాలర్లు. అంటే 257 దిర్హమ్‌లు. నెలకు 1,800 జీతం, 26 రోజుల డ్యూటీ అనుకుంటే రోజుకు 69. దాదాపు నాలుగు రోజుల కష్టం. నాలుగు రోజులు ఎండలో నిలబడి సంపాదించింది, రేపు ఎవరో సర్వర్ ఆపితే పోతుందంటే ఎట్లా? అందుకే కొత్త ఆట మొదటి రోజే కొనడం నేను మానేశా. ఏడాది ఆగితే సగం ధరకు వస్తుంది, తప్పులు కూడా సరిచేసి ఉంటారు.

ఇంకో మాట. "వంద గంటలు ఆడొచ్చు, పైసా వసూల్" అంటారు కదా, ఆ లెక్క నాకు నచ్చదు. వంద గంటలు ఖాళీ ఉన్నవాడి లెక్క అది. రోజుకు గంట దొరికేవాడికి వంద గంటలంటే మూడు నెలల పైనే. ఎ షార్ట్ హైక్ అని 2019లో ఒక చిన్న ఆట వచ్చింది. ఒక పిట్ట, ఫోన్ సిగ్నల్ కోసం కొండెక్కుతుంది. ఒక ముఖ్యమైన ఫోన్ రావాలి దానికి. అంతే కథ. రెండు మూడు రాత్రుల్లో అయిపోయింది. ఊళ్ళో అమ్మ ఆపరేషన్ అప్పుడు క్యాంప్ డాబా మీద సిగ్నల్ వెతుక్కున్న రోజులు గుర్తొచ్చి, ఆఖర్లో కంట్రోలర్ పక్కన పెట్టి కాసేపు అట్లనే కూర్చున్నా. వంద గంటల ఆట ఏదీ నాకు అంత ఇవ్వలేదు.

సెల్‌ఫోన్ ఆటలది మరీ ఘోరం. 2020 సెప్టెంబర్ 2న ఇండియాలో పబ్జీ మొబైల్ బ్యాన్ చేశారు, గుర్తుంది కదా. ఇక్కడ మనం ఆడుతూనే ఉన్నాం, ఇంటి దగ్గర మా అక్క కొడుకు మాత్రం ఏడుపు. వాడు బట్టలకు, తుపాకీ రంగులకు పెట్టిన పైసలు నేను పంపినవే. మరుసటి ఏడాది జులైలో బీజీఎంఐ పేరుతో మళ్ళీ వచ్చింది, పాతవి కొత్తదాంట్లోకి మార్చుకునే వీలు కొన్నాళ్ళు ఇచ్చారు. వీడికి ఆ సంగతి తెలిసేసరికి గడువు అయిపోయింది.

వీసా క్యాన్సిల్ అవుతుందని తెలిసిన రోజే ఒక పని చేయండి. మీ గేమ్ అకౌంట్లు, మెయిల్, ఏదైనా సరే, కోడ్ ఫోన్ నంబర్‌కి వచ్చేట్టు ఉంటే దాన్ని అథెంటికేటర్ యాప్‌కి మార్చుకోండి. బ్యాకప్ కోడ్‌లు ఇస్తారు, కాగితం మీద రాసి పాస్‌పోర్ట్‌తో పాటు పెట్టుకోండి. ప్లేస్టేషన్ అకౌంట్‌కి ఒకసారి పెట్టిన దేశం తర్వాత మార్చుకోలేరు, కాబట్టి మొదట్లోనే ఆలోచించి పెట్టండి. స్టీమ్‌లో ఆ బాధ లేదు, కొత్త దేశం కార్డుతో కొంటే మార్చుకోవచ్చు. కంప్యూటర్ ఉన్నవాళ్ళు గాగ్ అనే స్టోర్ చూడండి. అక్కడ ఆట ఇన్‌స్టాలర్ దింపుకుని హార్డ్ డిస్క్‌లో దాచుకోవచ్చు, నెట్ లేకపోయినా ఎక్కించుకోవచ్చు. ప్లేస్టేషన్ 4 డిస్కులకు దేశం గొడవ లేదు. ఇక్కడ కొన్నది మన ఊళ్ళో మెషీన్‌లో కూడా ఆడుతుంది. విడిగా కొనే అదనపు సరుకుకే డిస్కు ప్రాంతమూ అకౌంట్ దేశమూ కలవాలి. డిస్కు కొనే ముందు, ఆడడానికి ఎప్పుడూ నెట్ కావాలా అని పెట్టె వెనక చూడండి. అక్కడ చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

అక్క కొడుక్కి ఇప్పుడు పదహారేళ్ళు. పోయిన నెల ఫోన్ చేసి, "మామా, ఒక గిఫ్ట్ కార్డ్ పంపవా" అన్నాడు. పంపలేదు. వచ్చే వారం ఊరికి కార్గో పెట్టె వేస్తున్నా. బాదం, టాంగ్, దుప్పట్ల మధ్యలో నా మెషీన్ పోతోంది, టవల్‌లో చుట్టి ఆరు డిస్కులు కూడా. ఒకదాని మీద కొత్త మార్కర్‌తో వాడి పేరు రాశా.

ఇక ఉంటా. మీకూ ఇట్లా పోయిన అకౌంట్ల కథలుంటే వాయిస్ మెసేజ్ పంపండి, వచ్చే వారం వినిపిస్తా. కోడ్‌లు మాత్రం పంపకండి.