కట్టెలు, కాగితాలు, కొన్ని నిర్ణయాలు

కోటబొమ్మాళి చుట్టుపక్కల పల్లెల్లో ఎవరైనా కాలం చేస్తే ఇరుగుపొరుగు తలో చెయ్యి వేస్తారు. ఇంటివాళ్లకు మిగిలేవి నిర్ణయాలు. తలకొరివి ఎవరు పెట్టాలి? కూతురు పెట్టకూడదని ఏ చట్టమూ చెప్పదు. 2021 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే, కాశీబుగ్గ ఎస్సై శిరీష అనాథ శవాన్ని పొలాల మధ్య నుంచి భుజాన మోసుకొచ్చారు. ఇంకా ఆడవాళ్లు శ్మశానానికి రాకూడదంటామా?

చితికి మూడు నాలుగు క్వింటాళ్ల కట్టె పడుతుంది. వానాకాలమైతే ఎండుకట్టె దొరకడమే కష్టం, ముందే వాకబు చెయ్యండి. ఒంట్లో పేస్‌మేకర్ ఉంటే డాక్టరు చేత తీయించాలి; మంటలో పేలుతుంది. కళ్లు దానమివ్వాలంటే ఆరు గంటల్లోపే కబురు పెట్టాలి. అస్థికలకు కాశీ దాకా వెళ్లలేకపోతే బాధపడకండి, మనకు వంశధార ఉంది.

ఇక కాగితం. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము లేదు. ఆసుపత్రిలో పోతే వాళ్లే తెలియజేస్తారు. ఇంట్లో పోతే మనమే పంచాయతీ కార్యదర్శికి చెప్పాలి. పెద్దకర్మ హడావుడిలో చాలామంది మరిచేది ఇదే. ఏడాది దాటిందా, మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకోవాలి. మరణ ధ్రువపత్రం లేకుండా బ్యాంకు డబ్బూ కదలదు, పొలం పేరూ మారదు.