కోడి రొమ్ము మాంసము – సన్నని సెగ
(పొదిలిలో రైతు మహిళల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



పొదిలి దాకా వచ్చి మిరపను గురించి గాని, పత్తిని గురించి గాని చెప్పక వంటను గురించి మాట్లాడుట మీలో కొందరికి వింతగా ఉండవచ్చును. 2021లో నల్ల తామరపురుగు మిరప తోటలను పాడుచేసిన నాటినుండి ఏ సభకు పోయినా రైతులు మందులను గురించే అడుగుదురు. అది న్యాయమే. కాని ఆ కాయ కోయుటకు తెల్లవారకముందే చేనికి పోయి, పొద్దుగూకిన తరువాత ఇల్లు చేరి పొయ్యి వెలిగించు తల్లి ఏమి తినుచున్నది, పిల్లలకు ఏమి పెట్టుచున్నది అన్నది కూడ వ్యవసాయములోని సంగతే. కూలి దొరకక మనుషులను వెతుకుకొను రోజులలో ఆమె ఒంట్లో సత్తువ లేకపోయిన కాయ చెట్టుమీదనే ఉండిపోవును.

ఇప్పుడు చిన్న ఊళ్లలో కూడ ఆదివారమునాడు బాయిలరు కోడి దొరకుచున్నది. ఆరు వారములు తిరుగునప్పటికి అమ్మకానికి వచ్చు లేత కోడి అది. దాని ఒంట్లో మాంసము ఎక్కువగా ఉండునది రొమ్ము దగ్గర. అయినను ఇంట్లో గౌరవము తక్కువ దానికే. పిల్లలు లెగ్ పీసు కొరకు పోట్లాడుకొని, రొమ్ము ముక్కను "పీచు ముక్క" అని కంచము అంచున పెట్టుదురు. పళ్లు లేని ముసలివారు నమలలేక వదలుదురు. చివరకు అది అమ్మ కంచములోనికి వచ్చును, లేదా కుక్కకు పోవును.

ఆ వదలిపెట్టు ముక్క విలువ చూడండి. తోలు తీసిన పచ్చి రొమ్ము మాంసము 100 గ్రాములలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉండును. కొవ్వు రెండు మూడు గ్రాములకు మించదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారము పెద్దవారికి శరీరపు బరువు కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. అనగా 50 కిలోల బరువున్న స్త్రీకి 42 గ్రాములకు తక్కువ కాకుండ చూచుకొనవలెను. వంద గ్రాముల రొమ్ము మాంసము అందులో సగము తీర్చును. ఒక్క మాట మాత్రము చెప్పవలెను. రక్తము తక్కువైన వారికి ఇదొక్కటే మందు అనుకొనవద్దు. రొమ్ము మాంసములో ఇనుము తక్కువ. తొడ మాంసములో కొంత మేలు, కార్జములో చాల ఎక్కువ. దుకాణములో కార్జమును వదలి రావద్దు.

ఇక ఆ ముక్క పీచు ఎందుకగును? కోడిది తప్పు గాదు. తప్పు సెగది.

పచ్చి మాంసములో నాలుగింట మూడు వంతులు నీరే. వేడి 50 డిగ్రీల సెంటిగ్రేడు దాటగనే కండలోని మాంసకృత్తులు గుడ్డులోని తెల్లసొన వలె గట్టిపడుట మొదలిడును. 65, 70 డిగ్రీల వద్ద కండ మరింత బిగుసుకొని, తడిగుడ్డను పిండినట్లు తనలోని నీటిని బయటకు పిండివేయును. కోడి మాంసము లోపలి వేడి 74 డిగ్రీలకు చేరిన రోగము తెచ్చు సూక్ష్మజీవులు చచ్చును. తినుటకు భయము లేదు. అక్కడ ఆగవలెను. మనము ఆగుచున్నామా? చిన్న చిన్న ముక్కలు కొట్టించి, కుక్కరులో వేసి, అయిదు కూతలు రానిచ్చుచున్నాము. కుక్కరు లోపలి వేడి 120 డిగ్రీల వరకు పోవును. "నీళ్లలో ఉడికినది ఎండిపోవుట ఏమిటమ్మా?" అని నన్నడిగినవారున్నారు. చుట్టూ పులుసు ఉన్నంత మాత్రాన పిండిన గుడ్డలోనికి నీరు తిరిగి రాదు గదా, అది వెలుపలి తడి.

కాలి మాంసము సంగతి వేరు. కోడి రోజంతా కాళ్లమీద తిరుగును గనుక ఆ కండలో కొవ్వు, కండను ఎముకకు పట్టి ఉంచు తెల్లని పొరలు ఎక్కువ. సన్నని సెగమీద చాలసేపు ఉడికిన ఆ పొరలు కరిగి జిగురగును. మేకకాళ్ల పాయ చల్లారిన తరువాత గడ్డకట్టుట మీరు చూచినదే. ఆ జిగురే ఇది. అందుచేత కాలిముక్క ఎంతసేపు ఉడికినా మెత్తగానే ఉండును. రొమ్ములో ఆ పొరలు బహు తక్కువ. కాలికి సెగయు, వ్యవధియు రెండును కావలెను; రొమ్ముకు సన్నని సెగ కావలెను గాని ఎక్కువ వ్యవధి పనికిరాదు. ఈ భేదము తెలియక రెంటిని ఒకే దాకలో, ఒకే సమయము ఉడికించుటవలననే చిక్కు వచ్చుచున్నది.

సన్నని సెగ మనకు కొత్త విద్య గాదు. మీలో పెద్దవారి ఇండ్లలో దాలి ఉండెడిది. పిడకలు పేర్చి, పైన పాలకుండ పెట్టి పోయిన, సాయంత్రమునకు పాలు ఎర్రగా కాగి, మీగడ మందముగా కట్టియుండెడిది. ఎవరును కలుపుచు కూర్చుండెడివారు గాదు. ఇతర దేశములలోను ఇట్టిది కలదు. యూదులు శుక్రవారము పొద్దుగూకినది మొదలు శనివారము పొద్దుగూకు వరకు నిప్పు రాజేయరు. కావున లిథువేనియా వంటి దేశములలో శుక్రవారమే గింజలు, మాంసము వేసిన కుండను రొట్టెల బట్టీ వేడిలో ఉంచి మరునాడు తెచ్చుకొనెడివారు. ఇర్వింగ్ నాక్సన్ అను అమెరికా వాసి తన తల్లి చెప్పిన ఈ కుండ సంగతి విని కరెంటుతో నడచు కుండ నొకటి తయారుచేసి, 1940లో దానికి పేటెంటు పొందినాడు. 1971లో దానినే రైవల్ కంపెనీ క్రాక్ పాట్ అను పేర అమ్మినది. నేడు స్లో కుక్కరు అనునది ఇదే. అమెరికాలో పిల్లలున్న తల్లులు కొందరు ఈ కుక్కరు ఇక్కడికి తెచ్చుకొన్నారు. అందులో రొమ్ము మాంసము వేసి ఎనిమిది గంటలు వదలి, పీచయినదని నిరాశ పడుచున్నారు. ఈ కుక్కర్లలో చాల రకములందు తక్కువ సెగ గుర్తు, ఎక్కువ సెగ గుర్తు రెండును చివరకు ఇంచుమించు మరుగు వేడికే చేరును; ఎంత త్వరగా చేరుననుటలోనే తేడా. కాబట్టి 200 గ్రాముల రొమ్ము ముక్కలను తక్కువ సెగమీద పెట్టి, రెండు గంటలకు చూడవలెను. రెండున్నర, మూడు గంటలలో సిద్ధమగును. ఎనిమిది గంటలు ముదురు కోడికి, కాలి ముక్కలకు.

కరెంటు కుండ లేనివారు విచారపడనక్కర లేదు. గ్యాసు పొయ్యి, మందమైన గిన్నె, సరిగా కూర్చుండు మూత ఉన్న చాలును. నేను చేయు పద్ధతి చెప్పెదను.

దుకాణములో రొమ్మును ముక్కలు కొట్టించవద్దు. రెండు బద్దలుగా మాత్రము తీయించండి. అరకిలో మాంసమునకు ఒక చిన్న చెమ్చా ఉప్పు, అర చెమ్చా పసుపు, రెండు పెద్ద చెమ్చాల పెరుగు, అల్లము వెల్లుల్లి నూరినది పట్టించి అరగంట ఉంచవలెను. ఉప్పు ముందుగా పట్టించుట రుచికి మాత్రమే గాదు; అది కండలోనికి దిగి నీటిని పట్టి ఉంచును. ఉల్లిపాయలు, ధనియాల పొడి, కారము నూనెలో వేరుగా ఎర్రగా వేయించుకొనవలెను. సన్నని సెగమీద మూతవేసిన గిన్నెలో ఏదియు ఎర్రబడదు గనుక ఈ పని ముందే కావలెను. మన గుంటూరు కారము సంగతి మీకు చెప్పనక్కర లేదు. మూతలో ఆవిరి పోక ఘాటు లోపలనే ఉండును గనుక చేయి కొంచెము తగ్గించండి. ఒక టీ గ్లాసు వేడినీరు పోసి, తెర్లిన తరువాత రొమ్ము బద్దలు ఉంచి, మరల తెర్లగనే మంటను పూర్తిగా తగ్గించవలెను. గిన్నె అంచున అక్కడొక బుడగ, ఇక్కడొక బుడగ లేచుచుండిన చాలును. మూత తీయకుండ ఇరవై నుండి ఇరవై అయిదు నిమిషములు. నడుమ ఒకసారి తిరగవేయుటకు మాత్రమే తీయండి. తరువాత మంట ఆర్పి పది నిమిషములు అట్లే వదలవలెను. బద్దను పీచు నడచు దారికి అడ్డముగా కోసిన, నోటికి పొడుగు పీచు తగలదు. ముసలివారికి ఈ ఒక్క కోత వలననే సగము సుఖము.

గోంగూర వేయదలచినవారు దానిని వేరుగా మగ్గించి చివర కలుపవలెను. పులుపులో చాలసేపు నానినను, ఉడికినను రొమ్ము మాంసము పైపొర పిండివలె అగును.

ముక్క ఉడికినదని ఎట్లు తెలియును? ఎక్కువ మందమున్న చోట కోసి చూచిన లోపల తెల్లగా ఉండి, రసము తేటగా రావలెను. కాని రంగును పూర్తిగా నమ్మరాదు. మాంసములో గుచ్చి చూచు సూది థర్మామీటరు దొరకును. మహిళా సంఘమునకొకటి కొనుక్కొని పదిమంది వాడుకొనవచ్చును. 74 చూపిన చాలును.

నాటుకోడి పెంచువారికి వేరే మాట. గుడ్లు మానిన పెట్టకు, ముదిరిన పుంజుకు పై పద్ధతి చాలదు. దాని రొమ్ము కూడ గట్టిదే. అరగంట బాగుగా తెర్లించి, ఆ మీదట రెండు మూడు గంటలు సన్నని సెగమీద ఉంచవలెను. గ్యాసు మిగుల్చుకొనదలచినవారు తెర్లుచున్న గిన్నెను మూతతోనే వరిగడ్డి కూరిన పెట్టెలో పెట్టి, అన్ని వైపుల జానెడు మందమున గడ్డి దట్టించి, పైన బొంత కప్పవచ్చును. బయటకు తీసిన వెంటనే మరల తెర్లించవలెను. పచ్చి మాంసమును మాత్రము చల్లని గిన్నెతో గడ్డిపెట్టెలో గాని దాలిమీద గాని ఎన్నటికి పెట్టరాదు.

ఇది గట్టిగా చెప్పుటకు కారణమున్నది. 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు లోపల మాంసములో సూక్ష్మజీవులు వేగముగా పెరుగును. కొన్ని విడుచు విషము మరల మరిగించినను పోదు. గడ్డకట్టిన మాంసమును స్లో కుక్కరులో వేయరాదు. అది కరిగి వేడెక్కులోపల గంటలు గడచును. కుక్కరు పెట్టి చేనికి పోయినప్పుడు కరెంటు పోయి, ఎంతసేపు పోయినదో తెలియకపోయిన, చూచుటకు ఉడికినట్లున్నను ఆ కూర పారవేయవలెను. అరకిలో మాంసము పోయినదని బాధ కలుగును, నిజమే. ఆసుపత్రికి మోసుకొనిపోవలసి వచ్చునది పిల్లలనే. వండిన కూర బయట రెండు గంటలకు మించి ఉండరాదు. ఇక్కడి వేసవిలో గంట చాలును.

నీటిని గురించి ఒక మాట. పొదిలి, కనిగిరి, దర్శి ప్రాంతములలో బోరునీటి ఫ్లోరైడు బాధ మీకందరికి తెలిసినదే. మరిగించిన ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొద్దీ చిక్కబడును. తాగుటకు మంచినీరు తెచ్చుకొని కూరకు బోరునీరు పోయువారిని చూచితిని. కూరలోనిదియు కడుపులోనికే పోవును. మూతపెట్టి వండునప్పుడు కావలసినది ఒక గ్లాసే గనుక తాగునీటినే వాడండి.

గిన్నెలో మిగిలిన రసము పారబోయవద్దు. జొన్నరొట్టెకు, సజ్జరొట్టెకు అది మంచి నంజు.

ఈ బల్లమీద రెండు గిన్నెలున్నవి. ఒకే దుకాణములో, ఒకే కోడినుండి తీసిన మాంసము. ఎడమది కుక్కరులో అయిదు కూతలకు దించినది, కుడిది సన్నని సెగమీద ఇరవై అయిదు నిమిషములకు దించినది. ముందు వరుసలోని పెద్దమ్మలు ముందుగా రండి. రెండును నమలి చూచి, తేడా ఉన్నదో లేదో మీరే చెప్పండి.