తగ్గవలసినది ఎవరి వాటా?



అంతులేని వృద్ధిని భూమి భరించలేదనీ, ధనిక దేశాలు తమ ఉత్పత్తినీ వినియోగాన్నీ ప్రణాళిక ప్రకారం తగ్గించుకోవాలనీ ఒక వాదం నేడు బలపడుతున్నది. ఈ ‘వృద్ధి తగ్గింపు’ మాట వినగానే మనకు అనుమానం కలగడం సహజం. పొదుపు పేరిట ఖాళీలను భర్తీ చేయకుండా ఉంచడం మనం ఎరుగనిది కాదు. కనుక తగ్గవలసినది ఎవరి వాటాయో ముందు తేల్చుకోవాలి.

అమెరికాలో తలకు ఏటా సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుండగా, మన దేశంలో వెలువడేది సుమారు 2 టన్నులు. ఆ రెండు టన్నులలోనైనా సమానత లేదు. విమానాలలో తిరిగే సంపన్నుని వాటా, సైకిలుపై ఉత్తరాలు పంచే పోస్టుమాన్ వాటా ఒకటి కావు.

కష్టం మాత్రం ముందుగా మనకే వస్తున్నది. మండుటెండలో పట్టాలు వంగకుండా కనిపెట్టి నడిచేది కీమన్, గ్యాంగ్‌మన్. 2024 సెప్టెంబరు 1న కుండపోత వానకు మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలుకట్ట కొట్టుకుపోయింది. విజయవాడ–కాజీపేట మార్గం స్తంభించింది. దానిని రాత్రింబవళ్ళు శ్రమించి పునరుద్ధరించినది కార్మికులే. ఒక్క వానకు ఒక్కటే కారణమని చెప్పలేము. కాని వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోస్తుంది, అతివృష్టి తరచవుతుంది.

మరొక నిజాన్ని కూడా మనం దాచుకోరాదు. రైల్వే మోసే సరకులో సుమారు సగం బొగ్గే. బొగ్గు వాడకం తగ్గిననాడు ఆ రాబడీ, దానిపై ఆధారపడిన ఉద్యోగాలూ ఏమవుతాయి? జవాబు మన చేతిలోనే ఉన్నది. 1950–51లో దేశపు సరకు రవాణాలో నూటికి 80 వంతులకు పైగా రైలుదే. నేడు మూడవ వంతుకు లోపే. ఉక్కు పట్టాపై ఉక్కు చక్రానికి ఒరపిడి తక్కువ గనుక, అదే బరువును మోయడానికి లారీకన్న రైలుకు ఇంధనం ఎంతో తక్కువ చాలును. ఒక వీధికి నాలుగు ప్రైవేటు సంస్థల బళ్ళు తిరగడంకన్న, ఒక పోస్టుమాన్ తన బీటులో అన్నీ అందించడం పొదుపు.

కావున మన కోర్కెలు స్పష్టం: లారీలకు పోయిన సరకు రైలుకు తిరిగి రావాలి, సామాన్యుల బోగీలు పెరగాలి, గ్రామీణ తపాలా నిలవాలి, ఖాళీలు నిండాలి, ఎండలో పనిచేసేవారికి నీడ, నీరు, విశ్రాంతి హక్కు కావాలి. బొగ్గు తగ్గే ప్రతి దశలోనూ కార్మిక సంఘాలను సంప్రదించాలి.

తగ్గవలసినది కొద్దిమంది విలాసం. పెరగవలసినది అందరికీ చెందిన సేవ. ఈ మాటను ప్రతి బ్రాంచి సమావేశంలోనూ చర్చకు పెట్టవలసిందిగా కోరుతున్నాము.