సైక్లోట్రాన్ యంత్రము: దాని నడక, దాని సవరణ

(ఉపన్యాస పాఠము)



పెడనలో అద్దకపు బల్లయొద్ద ఒక గంట నిలిచి చూచినవారికి ఒక సంగతి తెలియును. మొదటి అచ్చు పడిన పువ్వులో రెండవ రంగు అచ్చు సరిగా కూర్చుండవలెను. వెండ్రుకవాసి తప్పినను పువ్వు చెడును. ఆ వాసి తప్పు మరుసటి అచ్చునకు, అటుపై దానికి సాగినచో దుప్పటి యంతయు చెడును. పనివాడు తప్పును తొలి వరుసలోనే పట్టవలెను. కలకత్తా నగరమున ఈ నియమమునకే లోబడి నడచు ఒక మహాయంత్రము కలదు. దాని పేరు సైక్లోట్రాన్. దానిని నడుపుటలోని కష్టము, దానిని మెరుగుపరచుటలోని ఓర్పు నేటి ప్రసంగ విషయము.

పరమాణువు నడుమ కేంద్రకము కలదని 1911లో రూథర్‌ఫర్డు తేల్చెను. కేంద్రకము కంటికి కాని, సూక్ష్మదర్శినికి కాని కానరాదు. దాని స్వభావము నెరుగవలెనన్న మరియొక కేంద్రకముతో దానిని కొట్టి, ఏమి వెలువడునో పరీక్షింపవలెను. కాని కేంద్రకములన్నియు ధనవిద్యుత్తు కలవి, ఒకదానినొకటి త్రోసివేయును. బొగ్గు, ప్రాణవాయువు, నియాను వంటి బరువైన కేంద్రకములతో కొట్టదలచినచో ఆ త్రోపుడు మరింత అధికము. దానిని మించు వేగము కలిగింపవలెను. కోట్ల వోల్టుల విద్యుత్తును ఒక్కమారుగా ప్రయోగింపబోయినచో మెరుపులు లేచి పరికరములు కాలును.

ఈ చిక్కును అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున లారెన్సు అను ఆచార్యుడు విప్పెను. అతని ఉపాయమును అట్లతద్దినాడు చెట్టుకొమ్మకు ఊయల వేసి ఊపు ఆడపిల్లలందరు ఎరుగుదురు. ఊయలను ఒక్క తోపుతో ఆకాశమునకు పంపలేము. అది వెనుకకు వచ్చి మరలు క్షణమున చిన్న తోపు ఇచ్చుచుండిన చాలును. పదిమారులకు కొమ్మ నందుకొనును. క్షణము తప్పిన తోపు వ్యర్థము. ఎదురు తోపైనచో ఊయల నిలిచిపోవును. లారెన్సు, అతని శిష్యుడు లివింగ్‌స్టను కలిసి 1931 నాటికి అరచేతిలో ఇమిడెడు యంత్రముతో ఈ ఉపాయము నిజమని చూపిరి. లారెన్సుకు 1939లో నోబెల్ బహుమానము వచ్చినది.

యంత్రపు రూపు తిరుగలివంటిది. పైన ఒకటి, క్రింద ఒకటి పెద్ద అయస్కాంత ధ్రువములు. నడుమ సన్నని ఖాళీ. తిరుగలిలో గింజలు నడిమి కంటిలో పడి, తిరిగి తిరిగి అంచున వెలువడునట్లు, ఇందు విద్యుత్కణములు నడుమ పుట్టి, చుట్లు తిరుగుచు అంచునకు చేరును. ఎలక్ట్రాన్లు కొన్ని ఊడిపోయి విద్యుత్తు మిగిలిన పరమాణువునకు అయాను అని పేరు. అయస్కాంతము అయానును వంచి గుండ్రముగా తిప్పును. బోలు రాగిపెట్టె అంచున మాటిమాటికి మారు విద్యుత్తు దానిని తోయును. చుట్టుచుట్టుకు వేగము పెరుగును, చుట్టు పెద్దదగును. కాని ఒక చుట్టు తిరుగుటకు పట్టు కాలము మాత్రము మారదు. అందుచేతనే తోపు లయ తప్పక సాగును. కలకత్తా యంత్రమున ఈ విద్యుత్తు సెకనుకు 55 లక్షలు మొదలు 165 లక్షల మారుల వరకు అటునిటు ఊగును.

వేగము మరీ హెచ్చినచో అయాను బరువు పెరిగి, లయలో వెనుకబడును. అంచున అయస్కాంతబలమును పెంచి దీనిని సరిచేయవచ్చును; కాని అట్లు చేసినచో కణముల గుంపు పైకి క్రిందికి చెదరిపోవును. ఇనుపధ్రువముపై మెరక పల్లములు తీర్చినచో ఆ చెదరుట ఆగునని 1938లో థామస్ చెప్పెను. మెరక పల్లములు కలవకున్న నీరు పారదని డెల్టా రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక బరువైన అయానుల మాట. ఇందు లాభమంతయు ఎలక్ట్రాన్లు ఎన్ని ఊడినవను దానిపై నున్నది. అయానుకు గల విద్యుత్తు రెండింతలైనచో, అదే యంత్రము దానికి నాలుగింతల శక్తి నిచ్చును. ఇనుము మార్చనక్కరలేదు, రాగి మార్చనక్కరలేదు. అయాను పుట్టుచోటును మార్చిన చాలును. అయస్కాంతముల నడుమ వాయువును బంధించి, సూక్ష్మతరంగములతో ఎలక్ట్రాన్లను వేడిచేసినచో, అవి పరమాణువులను పలుమారులు కొట్టి, మరిన్ని ఎలక్ట్రాన్లను ఊడ్చివేయును. ప్రపంచములోని పాత సైక్లోట్రాన్లు పెక్కింటికి ఈ మూలము అమర్చిన పిదపనే కొత్త ప్రాణము వచ్చినది.

అయితే ఇందులో ఒక ప్రమాదము పొంచియున్నది. యంత్రపు గదిలో మిగిలిన గాలి అణువును అయాను తాకినచో, పోయిన ఎలక్ట్రాను తిరిగి చేరవచ్చును. విద్యుత్తు మారినచో దారి మారును. అయాను గోడను కొట్టుకొని నశించును. తేలికవానికంటె బరువైనవానికి ఈ భయము హెచ్చు. కావున గదిలోని గాలిని మనము పీల్చు గాలిలో వందకోట్లవ వంతునకు దిగునట్లు తోడివేయవలెను. ఈ శూన్యమును సాధించు పంపులు లేనిచో సైక్లోట్రాన్ ఉత్త ఇనుపదిమ్మె.

ఈ శూన్యవిద్యపై ప్రామాణిక గ్రంథము వ్రాసినవాడు తెలుగువాడగుట గర్వకారణము. భీమవరము చేరువనున్న గొరగనమూడి గ్రామమున 1896లో జన్మించిన స్వామి జ్ఞానానంద యోగసాధన చేసిన సన్న్యాసి. జర్మనీకి వెళ్ళి భౌతికశాస్త్రమున మునిగెను. ప్రేగు నగరమున ఎక్స్‌కిరణములపై పరిశోధించి, పిమ్మట లివర్‌పూలులో న్యూట్రాను కనుగొనిన చాడ్విక్ యొద్ద పనిచేసెను. చాడ్విక్ ఆ విశ్వవిద్యాలయముననే సైక్లోట్రాన్ నిర్మించిన కాలమది. స్వామివారి ‘హై వాక్యువా’ అను గ్రంథము 1947లో అమెరికాలో అచ్చయ్యెను. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, అణుభౌతికశాస్త్ర శాఖను తీర్చిదిద్దిరి. 1969లో పరమపదించిరి. కాషాయమునకు ప్రయోగశాలకు వైరము లేదని వాదించుటకంటె ఆయన బ్రతుకును చూపుట సులువు.

శూన్యము లేక యంత్రము నిలిచిపోయిన కథ కలకత్తాలోనే జరిగినది. మేఘనాథ సాహా తన శిష్యుడు నాగ్‌చౌధురిని బర్క్‌లీకి పంపి, లారెన్సు యొద్ద సైక్లోట్రాన్ విద్య నేర్పించెను. టాటావారి ధనసహాయముతో అమెరికాలో సామగ్రి కొనిరి. శిష్యుడు 1941లో తిరిగివచ్చెను. ఇనుము, కొంత సామగ్రి చేరినవి. శూన్యపంపులను తెచ్చు ఓడను మాత్రము యుద్ధమున శత్రువులు ముంచివేసిరి. తిరిగి తెప్పించుకొను దారి లేదు. చేతిలో నున్నవానితో చేసికొనవలసి వచ్చెను. తొలి యంత్రమునకు పట్టిన అనేక సంవత్సరముల ఆలస్యమునకు సముద్రగర్భమున చేరిన ఆ పంపులొక పెద్ద కారణము.

ఆ అనుభవము గల నగరముననే స్వతంత్ర భారతము పెద్ద సైక్లోట్రాన్‌ను నిర్మించినది. దాని అయస్కాంతపు బరువు 262 టన్నులు, ధ్రువపు వ్యాసము 224 సెంటిమీటర్లు. 1977 జూన్ 16న అందు తొలి కిరణపుంజము తిరిగెను. మొదట తేలిక కణములే. పైన చెప్పిన అయానుమూలము చేరిన పిదప, 1990 దశకపు చివరి యేండ్లలో, బరువైనవియు తిరుగసాగెను.

యంత్రము కట్టుటకంటె నడుపుట కష్టమని అచ్చటివారి అనుభవము. పరిశోధకుడు లక్ష్యమును పెట్టుకొని రాత్రింబవళ్ళు వేచియుండును. విద్యుత్తు ఒక్క నిమిషము పోయిన శూన్యము చెడును. శూన్యము మరల కుదురుటకు గంటలు పట్టును. అయస్కాంతపు విద్యుత్తు లక్షలో ఒక వంతు జరిగినను లయ జారును. చల్లబరచు నీటి గొట్టమున చిన్న చెమ్మ చేరినను పని నిలుచును. వంతులవారీగా కూర్చుండి ముల్లులను చూచుచుండు పనివారి పేర్లు పత్రికలకెక్కవు. కిరణము నిలకడగా వచ్చుచున్నంతకాలము వారున్నట్లే ఎవరికిని తోచదు.

రెండవ యంత్రము కథ మరింత గట్టిది. దాని తీగచుట్టలను ద్రవహీలియముతో శూన్యమునకు 269 డిగ్రీల దిగువకు చల్లార్చుదురు. ఆ చలిలో తీగకు విద్యుత్తును అడ్డగించు గుణము పోవును. అందుచేత మొదటి యంత్రముకంటె చాల తక్కువ ఇనుముతో, భూమి అయస్కాంతబలమునకు లక్ష రెట్లను మించు బలము సాధ్యమైనది. 2009లో లోపల కిరణము తిరిగినది. సంతోషించిరి. కాని అది బయటికి రాలేదు! అయస్కాంతబలము చుట్టూ ఒకే తీరుగ నుండక, ఒక వైపు రవ్వంత హెచ్చు, మరియొక వైపు రవ్వంత తక్కువ. ఒక చుట్టులో ఆ తేడా లెక్కకు రాదు. వందల చుట్లలో ప్రతిమారు అదే దిక్కున త్రోయుటచే, చుట్ల నడిమి పక్కకు జరుగును. వెలుపలి ద్వారముకడ కిరణము గురి తప్పును. అద్దకపు వెండ్రుకవాసి ఇదే. బలమును మరల అంగుళమంగుళము కొలిచి సవరించిరి. 2018లో కిరణము వెలుపలికి వచ్చినది. నడుమ తొమ్మిదేండ్లు. పని విడిచిపెట్టుమని సలహా చెప్పుటకు అంత కాలము అక్కరలేదు గదా!

ఆ 2018లోనే కలకత్తాలో వైద్యమునకై వేరొక సైక్లోట్రాన్ పనికి వచ్చినది. క్యాన్సరు శరీరమున ఎచ్చట దాగినదో చూపు పెట్ పరీక్షకు కావలసిన ఫ్లోరిన్-18 అందు తయారగును. ఈ ద్రవ్యము 110 నిమిషములకు సగమగును. మరి 110 నిమిషములకు ఆ సగములో సగము. హౌరాలో రైలెక్కించిన మందు సుమారు ఇరువది గంటలకు బెజవాడ చేరుసరికి రెండువేలలో ఒక వంతు మాత్రము మిగులును. అందుచేత దీనిని నిలువచేసి అంగడిలో అమ్ముట కుదరదు. ఉదయము చేసినదానిని కొద్ది గంటలలోనే రోగికి ఇచ్చి తీరవలెను. ఈ కారణముననే చిన్న సైక్లోట్రాన్లను పెద్ద ఆసుపత్రులకు చేరువగా నెలకొల్పుచున్నారు.