ఉరికే పిల్లలు మధ్యలోనే ఎందుకు ఆగిపోతున్నారు?

(యువజన శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగం)



మేము నలుగురం కాలేజీ రోజుల్లో 1500, 5000 మీటర్లు ఉరికినవాళ్లం. ఇయ్యాల ఊర్లల్లో పిల్లల్ని ఉరికిస్తున్నాం. ఒక్క ప్రశ్న మమ్మల్ని వదలడం లేదు. ఇంటర్‌లో అందరికంటే ముందుండే పిల్లగాడు డిగ్రీ అయిపోయేసరికి అక్కడే ఎందుకు ఆగిపోతున్నాడు? "వాళ్లకు ఓపిక లేదు" అంటారు పెద్దమనుషులు. తెల్లారకముందే కూలికి పోయే తల్లుల పిల్లలకు ఓపిక లేదా?

మా సంగతే చెప్తాం. పోటీలు పదిహేను రోజులున్నాయనంగా మమ్మల్ని పిలిచేవారు. పొద్దుగాల ఖాళీ కడుపుతో గ్రౌండుకు పోతే రోజూ ప్రాణం పోయేటట్టు ఉరికించేవారు. పోటీల్లో పొద్దున 5000, మాపటికి 1500, మరునాడు రిలే. కాలేజీకి కప్పు వచ్చేది. మాకు పిక్కల నొప్పి మిగిలేది. మళ్లీ ఏడాది దాకా అడిగే నాథుడు లేడు.

దూరపు పరుగు అట్లా రాదు. 5000 మీటర్ల పరుగుకు కావలసిన శక్తిలో నూటికి 90 పాళ్లకు పైగా పీల్చిన గాలితోనే పుడుతుంది. ఆ గాలిని కండకు చేర్చే గుండె, సన్నటి రక్తనాళాలు బలపడాలంటే నెలలు, ఏండ్లు పడుతుంది. న్యూజిలాండ్‌లో చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసిన ఆర్థర్ లిడియార్డ్ అనే ఆయన ఈ సంగతి పట్టుకున్నాడు. 800 మీటర్లు ఉరికే పీటర్ స్నెల్ చేత కూడా వారానికి 160 కిలోమీటర్ల దాకా ఉరికించాడు. స్నెల్ 1960 రోమ్‌లో 800 మీటర్లు, 1964 టోక్యోలో 800, 1500 మీటర్లు గెలిచాడు.

మొదటి రోజే అంత దూరం ఉరకమని మేము చెప్పడం లేదు. మెల్లమెల్లగా పెంచాలె. పక్కవాడితో మాట్లాడుకుంటూ పోగలిగితే అది సరైన నిదానం. వారంలో ఎక్కువ రోజులు అట్లనే ఉరకాలె. కష్టమైన పరుగు రెండు రోజులు చాలు. రోజూ కష్టమే అయితే ఒళ్లు కోలుకునేది ఎప్పుడు?

రెండోది కంచం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి, మగవాళ్లలో 25 మందికి రక్తహీనత ఉంది. రక్తంలో గాలిని మోసేదానికి ఇనుము కావాలె. అది లేని చెల్లెను "బద్ధకం" అని తిడితే ఏం లాభం? ముందు రక్తపరీక్ష చేయించండి. మన వాడల్లో కార్జం, నల్ల తింటారని చిన్నచూపు చూశారు గదా! మాంసంలో ఉండే ఇనుమే ఒంటికి బాగా పడుతుంది. ఆకుకూర తింటే నిమ్మకాయ పిండుకోండి. అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దు. ఉరికే ఆడపిల్లకు నెలసరి ఆగిపోతే తిండి చాలడం లేదేమో చూడాలె. అట్లనే ఉరికిస్తే ఎముకలు చిట్లుతాయి.

మూడోది కాలం. దూరం ఉరికేవాళ్లు ఎక్కువమంది 25 దాటినంకనే తమ మంచి పరుగు ఉరుకుతారు. మన పిల్లలు 21కే బూట్లు విప్పుతున్నారు. చాలామంది పోలీసు సెలక్షన్ల 1600 మీటర్ల కోసం ఉరికి, ఆ తర్వాత మానేస్తున్నారు. ఇంటికి జీతం కావాలె, వాళ్లది తప్పు కాదు.

మహారాష్ట్ర బీడ్ జిల్లా రైతు బిడ్డ అవినాష్ సాబ్లేను చూడండి. పన్నెండో తరగతి తర్వాత సైన్యంలో మహార్ రెజిమెంట్‌లో చేరాడు. 2015లో క్రాస్‌కంట్రీ పరుగు పట్టాడు. 2022లో 27 ఏండ్ల వయసున కామన్వెల్త్ పోటీల్లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో రజతం తెచ్చాడు. 2024లో పారిస్‌లో 8 నిమిషాల 9.91 సెకన్లకు ఉరికాడు. అతని కష్టం గొప్పదే. ఆ కష్టానికి ఏండ్ల తరబడి కూడు, పడక, కోచ్, నెల జీతం తోడున్నాయి. డిగ్రీ పిల్లగానికి వీటిలో ఏది ఉంది?

కార్యకర్తలారా! మీ ఊరి హాస్టల్‌కు పోండి. ఉరికే పిల్లలెవరో అడగండి. పొద్దున ఉరికి వచ్చినంక వాళ్లకు తినడానికి ఏమిస్తున్నారో అడగండి. గుడ్డు, పల్లీలు, పాలు అడిగి పెట్టించండి. ఒక్కరిని మూడు పరుగుల్లో దించితే నిలదీయండి. డిగ్రీ అయిపోయినంక కూడా రెండు మూడేండ్లు వాళ్ల చెయ్యి వదలకండి.

పరుగుకు పైసా ఖర్చు లేదంటారు. ఉరికే బిడ్డ కూటికి ఖర్చుంది. అది ఎవరు పెట్టాలో మనం అడగాలె.