ఊరి పేరు, గుడి పేరు, ఇంటి పేరు: కిర్క్‌పాట్రిక్



కందుకూరి వారు, వేటూరి వారు, నేలటూరి వారు అని మనము పిలుచునపుడు మనుష్యులతోపాటు ఒక ఊరిని కూడ పిలుచుచున్నాము. ఆ ఊరు విడిచి ఎన్ని తరములు గడచినను, దానిని కన్నులార చూచినవారు ఇంట ఒక్కరు లేకున్నను, పేరు మాత్రము విడువదు. స్కాట్లండు దేశమునందును ఇట్టి ఇంటిపేర్లు పెక్కు కలవు. మనకు ఇంటిపేరు ముందు వచ్చును, వారికి వెనుక వచ్చును. వానిలో కిర్క్‌పాట్రిక్ అను పేరును మేము నేడు ఎన్నుకొనుటకు కారణమున్నది. ఆ పేరు హైదరాబాదు నగరమువరకు వచ్చి, ఇచ్చట పుట్టిన ఇరువురు పసివారి పేళ్ళను తుడిచివేసినది.

ముందుగా పేరును విప్పి చూతము. కిర్క్ అనగా గుడి, క్రైస్తవుల దేవాలయము. అయిదవ శతాబ్దమున ఐర్లండునందు క్రైస్తవమును వ్యాపింపజేసిన మహాత్ముడు పాట్రిక్. పాట్రిక్ గుడి అని అర్థము. కాని ఇంగ్లీషు పద్ధతిని చెప్పవలెనన్న, మన తెలుగున వలెనే, పాట్రిక్ ముందును గుడి వెనుకను రావలెను. ఇచ్చట గుడియే ముందు వచ్చినది. ఇది గేలిక్ భాష నడక. కిర్క్ అను మాటయో, సముద్రము దాటి వచ్చిన ఉత్తరదేశపు నార్సు జనుల సొత్తు. అనగా ఒక జాతి మాటను వేరొక జాతి తన వరుసలో పేర్చుకొనినది. ఆ రెండు జాతులును ఇరుగుపొరుగున కాపురముండెననుటకు ఇంతకన్న సాక్ష్యమేల? శాసనములు శిథిలమగును గాని ఊరిపేరు అంత సులభముగా చెడదు.

అచ్చముగ గేలిక్‌లోనే చెప్పినచో గుడిని కిల్ అందురు. అట్లే గ్లాస్గో చెంత క్లైడ్ నదీతీరమున కిల్‌పాట్రిక్ అను ఊరున్నది. కిర్క్‌పాట్రిక్ అను పేరు గల ఊళ్ళు నైరుతి స్కాట్లండునందు ఒకటి కాదు, నాలుగైదు కలవు. కిర్క్‌పాట్రిక్ డరమ్, కిర్క్‌పాట్రిక్ ఫ్లెమింగ్, కిర్క్‌పాట్రిక్ జక్స్‌టా, ఇత్యాదులు. కావున ఈ ఇంటిపేరుగలవా రందరును ఒకే ఊరివారనియు, ఒకే వంశమువారనియు తలపరాదు.

వీరిలో పేరుగొన్నవారు నిత్ నదీలోయయందలి క్లోజ్‌బర్న్ ప్రభువులు. 1232లో రాజు రెండవ అలెగ్జాండరు ఆ భూములకు ఐవో ద కిర్క్‌పాట్రిక్ అనువానికి దానపత్రమిచ్చెను. ఆ ద అను మాటకు ‘ఆ ఊరివాడు’ అని అర్థము. కాలక్రమమున ద రాలిపోయినది, ఊరు మాత్రము మిగిలినది. 1306 ఫిబ్రవరిలో డంఫ్రీస్ పట్టణపు సన్న్యాసుల గుడిలో రాబర్ట్ బ్రూస్ తన ప్రతిద్వంద్వియగు జాన్ కొమిన్‌ను కత్తితో పొడిచి, చచ్చెనో లేదో యని సందేహించుచు వెలుపలికి రాగా, కిర్క్‌పాట్రిక్ ఒకడు లోనికేగి ఆ సందేహము తీర్చెనని కథ. ‘నేను రూఢి చేసెదను’ అను మాట ఆ వంశమునకు బిరుదవాక్యమైనది. నెత్తురోడు బాకును పట్టిన చేయి వారి చిహ్నము. మహాత్ముని గుడి పేరు ధరించినవారు గుడిలోనే ప్రాణము తీసితిమని చెప్పుకొనుట మాకు వింతగా తోచును. 1783లో క్లోజ్‌బర్న్ అన్యుల పాలయ్యెను. పేరు అప్పటికే దేశములు పట్టినది. స్పెయిన్ దేశపు మాలగా రేవున వర్తకుడైన విలియం కిర్క్‌పాట్రిక్ మనుమరాలు యూజెనీ 1853లో మూడవ నెపోలియనును పెండ్లాడి ఫ్రాన్సు సామ్రాజ్ఞి యయ్యెను.

హైదరాబాదునకు వచ్చిన శాఖ కథ వేరు. జేమ్స్ కిల్‌పాట్రిక్ అను వైద్యుడు ఐర్లండునుండి అమెరికాయందలి చార్ల్‌స్టన్‌కు వలసపోయి, 1738లో మశూచి ప్రబలినపుడు ఆ రోగపు రసినే స్వల్పముగా ఎక్కించి రక్షించు పద్ధతిని అవలంబించెను. పిదప లండను చేరి, తన పేరును కిర్క్‌పాట్రిక్ అని మార్చి వ్రాసికొనెను. గుడి అదియే, మహాత్ము డాతడే. మారినది ఒక్క అక్షరమో రెండో. ఆ వైద్యుని కుమారుడు కంపెనీ సైన్యమున కర్నలు. మనుమడు జేమ్స్ ఎకిలీజ్ కిర్క్‌పాట్రిక్ 1764లో మదరాసున జన్మించి, 1798లో నిజాము దర్బారునకు కంపెనీ రెసిడెంటయ్యెను. నిజామిచ్చిన బిరుదు హష్మత్ జంగ్. కోఠీలోని రెసిడెన్సీ భవనమును కట్టింప మొదలిడినవా డాతడే. 1949లో మహిళా కళాశాల ఆ భవనమునకే వచ్చినది.

ఇచ్చటి గొప్ప కుటుంబపు కన్య ఖైరున్నిసా నాతడు వివాహమాడెను. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె. కుమారుడు మీర్ గులాం ఆలీ, సాహిబ్ ఆలం. కుమార్తె నూరున్నిసా, సాహిబ్ బేగం. 1805లో ఆ పిల్లలను చదువుకొరకై ఇంగ్లండునకు ఓడ యెక్కించిరి. అప్పటికి పెద్దవానికి నాలుగేండ్లు, చిన్నదానికి మూడేండ్లు. అదే యేట అక్టోబరు 15న తండ్రి కలకత్తాలో మరణించెను. 1806 మార్చిలో లండను నగరపు గుడిలో వారికి క్రైస్తవ సంస్కారము జరిపి, విలియం జార్జ్ కిర్క్‌పాట్రిక్ అనియు, కేథరిన్ అరోరా కిర్క్‌పాట్రిక్ అనియు పేళ్ళు పెట్టిరి. తల్లి పెట్టుకొన్న పేళ్ళ స్థానమున నూరేండ్లకు పైగా ఆ యింటివారిలో నొకడును కాపురముండని ఊరి పేరు వచ్చి కూర్చుండెను. తల్లి వారిని మరల చూడలేదు. 1813లో ఆమె కన్నుమూసెను.

కేథరిన్‌ను అందరును కిటీ అని పిలిచిరి. యౌవనమున కార్లైలు మహాశయుడు ఆమె నెరుగును. 1829లో ఆమె ఫిలిప్స్ అను నాతని వివాహమాడి, ఇంటిపేరును మరల మార్చుకొనెను. 1840 తరువాత, హైదరాబాదున ఇంకను జీవించియున్న అమ్మమ్మ షరఫున్నిసాకును ఆమెకును ఉత్తరములు నడచినవి. అమ్మమ్మ పారసీకమున వ్రాయించెడిది, మనుమరాలు ఇంగ్లీషున వ్రాసెడిది. నడుమ రెండు దిక్కులను దుబాసీ కావలసివచ్చెను. 1847లో షరఫున్నిసా మరణించువరకు ఆ యిరువురును ఒకరి మొగ మొకరు చూడలేదు.